చేతికో పని, పక్కనో మనిషి

మాది పర్లాకిమిడి. ఒడిశాలో గజపతి జిల్లాకి ముఖ్య పట్టణం. పక్కనే పాతపట్నం, అది ఆంధ్ర. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు గీత అలా పడింది. చుట్టాలు సగం మంది ఇటు, సగం మంది అటు ఉండిపోయారు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, బజారులో రెండూ మాట్లాడుకుంటూ పెరిగాం. మా వీధిలో ఉగాది పచ్చడి ఒడియా ఇళ్లకీ వెళ్లేది, రథయాత్ర రోజుల్లో వాళ్ల పిండివంటలు మా ఇంటికీ వచ్చేవి.

ఇప్పుడు నేను శ్రీకాకుళం జిల్లాలో ఒక హైస్కూల్లో టీచర్ని. జనవరి వచ్చిందంటే చాలు, పదో తరగతి పిల్లల ముఖాలు మారిపోతాయి. నిన్నటిదాకా గలగలలాడిన పిల్ల బెంచీ చివర ముడుచుకుని కూర్చుంటుంది. అడిగితే "టెన్షన్‌గా ఉంది మేడమ్" అంటుంది, అంతకు మించి చెప్పదు. వాళ్లని చూసినప్పుడల్లా నా పదిహేడో ఏడు గుర్తొస్తుంది. ఆ ఏడాది నన్ను నిలబెట్టిన మనుషులు గుర్తొస్తారు. వాళ్లలో ఎవరూ నాకు ధైర్యం గురించి ఉపన్యాసం చెప్పలేదు. పక్కన కూర్చున్నారు, చేతికి ఏదో ఒక పని ఇచ్చారు. ఆ సంగతులే రాద్దామని కూర్చున్నాను.

అది 1995. నేను ప్లస్ టూ రెండో ఏడు. నాన్న ఒక రైసు మిల్లులో గుమాస్తా. ఆ మిల్లు దసరా తర్వాత మూతపడింది. రావలసిన జీతం బాకీ ఉండిపోయింది. నాన్న పొద్దున్నే మామూలుగా స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని బయటికి వెళ్లేవారు. ఎక్కడికి వెళ్లేవారో మేం అడిగేవాళ్లం కాదు. అమ్మ బియ్యం డబ్బాలో గ్లాసు వేసినప్పుడు ఆ గ్లాసు అడుగు తగిలే చప్పుడు నాకు వినిపించేది. నేను బాగా చదివితే ఇల్లు గట్టెక్కుతుందని ఎవరూ అనలేదు. కానీ ఇంట్లో పెద్దదాన్ని నేనే. ఎవరూ అనకపోయినా అది నా మెడకే చుట్టుకుంది.

పుస్తకం తెరిస్తే అక్షరాలు కనబడేవి, బుర్రకి ఎక్కేవి కావు. అన్నం ముందు కూర్చుంటే కడుపులో తిప్పేది. రాత్రి నడిజాము దాటాక మెలకువ వచ్చి, గుండె దడదడలాడుతుంటే చెల్లి చేయి పట్టుకుని పడుకునేదాన్ని. అరచేతులు ఎప్పుడూ తడిగానే ఉండేవి. రికార్డు పుస్తకం మీద ఆ తడికి సిరా అలుక్కుపోయేది.

అమ్మ అన్నీ చూస్తూనే ఉంది. ఒక శనివారం మధ్యాహ్నం నా చేతిలో ఒక సంచీ పెట్టింది. "కాశీనగరం వెళ్లి అమ్మమ్మకి ఈ అప్పడాలు ఇచ్చేసి రా. రేపు సాయంత్రం బండికి వచ్చేద్దువుగాని" అంది. పరీక్షలు ముంచుకొస్తుంటే అప్పడాలేమిటి అనుకున్నాను గానీ నోరు తెరిచి అనలేదు.

మా చిన్న రైలు గురించి తెలియని వాళ్లకి కాస్త చెప్పాలి. పర్లాకిమిడి రాజావారి పూనికతో నౌపడా నుంచి మా ఊరికి 1900లో వేసిన లైను అది. పట్టాల మధ్య వెడల్పు రెండున్నర అడుగులే. తర్వాత దాన్ని కాశీనగరం మీదుగా గుణుపురం దాకా పొడిగించారు. నౌపడా నుంచి గుణుపురానికి 90 కిలోమీటర్లు. ఆ దూరానికి దాదాపు ఒక పూట పట్టేది. ఎక్కడైనా మలుపు దగ్గర దిగి, గట్టు మీద రేగుపళ్లు కోసుకుని, మళ్లీ పరిగెత్తి ఎక్కేసేవాళ్లు కుర్రాళ్లు. గార్డుకి అందరి పేర్లూ తెలుసు. ఆ బండిలో ఎవరికీ తొందర ఉండేది కాదు, ఉన్నా ఫలితం ఉండేది కాదు.

ఆ రోజు కిటికీ పక్కన చోటు దొరికింది. బల్ల మీద నా ఎదురుగా కొండల్లో ఉండే సవర గిరిజనుల ముసలాయన ఒకరు, కాళ్ల దగ్గర కొండచీపుళ్ల కట్ట. ఆయన పక్కన కోడిని ఒళ్లో పెట్టుకున్న ఆడమనిషి. నేను ఫిజిక్సు పుస్తకం తీశాను. బండి ఊగుతుంటే వరసలు కదిలిపోతున్నాయి. మూసేశాను. బయట కోతలైపోయిన పొలాలు, వాటి మీద పశువులు, వెనక నీలంగా కొండలు. వాటిలో పేరున్నది మహేంద్రగిరి, 1500 మీటర్ల ఎత్తు. ఎంత సేపు వెళ్లినా కొండల వరస కిటికీలోంచి పోదు. కాశీనగరం వచ్చేసరికి తెలిసింది, ఆ గంటసేపట్లో నేను పరీక్ష మాటే తలచుకోలేదని.

అమ్మమ్మ అరుగు మీద విస్తళ్లు కుడుతోంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. అమ్మ ముందే ఎవరిచేతో కబురు పంపి ఉంటుంది.

"ఏటలా ఉన్నావు, తిన్నావా నేదా?"

"తిన్నానమ్మమ్మా."

"అయితే కాళ్లు కడుక్కొచ్చి ఇలా కూకో. నాను ఒక్కర్తినీ కుట్టలేకపోతన్నాను. తెల్లారితే పెళ్లోరు వచ్చేత్తారు."

అంతే. ఎందుకు చిక్కిపోయావని అడగలేదు. నాన్న ఉద్యోగం మాట ఎత్తలేదు. నా ముందు అడ్డాకుల కట్ట ఒకటి జరిపింది.

అడ్డాకు కొండల్లో పెద్ద తీగకి కాస్తుంది. అరచేతికన్నా వెడల్పు, కొసన చీలి రెండు రెక్కలుగా ఉంటుంది. సవరవాళ్లు కోసి, ఎండబెట్టి, కట్టలు కట్టి సంతకి తెస్తారు. అమ్మమ్మ వాటి మీద నీళ్లు చల్లి, తడిగుడ్డలో చుట్టి, పైన రాయి పెట్టి మెత్తబరిచేది. ముందు తొడిమ తుంచాలి. ఒక మంచి ఆకు నడిమికి పెట్టుకుని, చుట్టూ ఒకదాని అంచు మీదికి ఇంకోటి ఎక్కేలా తిప్పుకుంటూ పోవాలి. సన్నంగా చీరిన వెదురు పుల్లని ఆకులోకి దింపి, మళ్లీ పైకి తీసి, కొస విరిచేయాలి. లోతుగా గుచ్చితే ఆకు చిరుగుతుంది, పైపైన గుచ్చితే అన్నం బరువుకి ఊడిపోతుంది. పుల్ల ఆకులోకి దిగేటప్పుడు సన్నగా 'టిక్'మంటుంది. ఆ చప్పుడుని బట్టే అమ్మమ్మకి కుట్టు సరిగా పడిందో లేదో తెలిసిపోయేది. తల ఎత్తకుండానే "అది ఇప్పీసి మళ్లీ కుట్టు" అనేది.

మొదటి రెండూ వంకర పోయాయి. అమ్మమ్మ వాటిని పక్కన పెట్టి "ఇవి మనింటికి" అంది. తర్వాతవి కుదిరాయి. చీకటి పడేసరికి నా పక్కన ఒక చిన్న దొంతర లేచింది. వేళ్ల కొసలకి ఆకు పసరు అంటుకుంది. చూసుకుంటే అరచేతులు పొడిగా ఉన్నాయి. ఎన్నాళ్లకో.

అప్పుడు నేనే చెప్పాను. మిల్లు సంగతి, నాన్న సంగతి, నిద్ర పట్టని సంగతి, చదివింది చదివినట్టు మర్చిపోతున్న సంగతి. చేతులు ఆకుల మీద ఉంటే, కళ్లు పుల్ల మీద ఉంటే, ఎదుటి మనిషి ముఖం చూడక్కర్లేకపోతే, మాట సులువుగా వస్తుందని అప్పుడే తెలిసింది. ఇప్పటికీ మా బడిలో ఏ పిల్లనైనా మాట్లాడించాలంటే ఎదురుగా కూర్చోబెట్టి అడగను. చార్టులు అంటించడానికో, లైబ్రరీ పుస్తకాలకి అట్టలు వేయడానికో పిలుస్తాను. సగం అట్టలు అయ్యేలోగా ఆ పిల్లే మొదలుపెడుతుంది.

అమ్మమ్మ అంతా విని చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మీ తాత పోయినప్పుడు మీ అమ్మ నా కొంగట్టుకుని తిరిగే గుంట. ఇల్లెలా ఎల్తాదో నాకు తెల్దు. రేపటికి గింజలున్నాయా అనొక్కటే సూసుకునేదాన్ని. ఎల్లుండి మాట ఎల్లుండే" అంది. నా గురించి ఒక్క ముక్క అనలేదు. పెళ్లివాళ్ల కోసం కట్ట కట్టడంలో పడిపోయింది.

శనివారం రాత్రుళ్లు అక్కడి రామకోవెల్లో భజన ఉండేది. అమ్మమ్మ నన్నూ లాక్కెళ్లింది. తాళాలు, మృదంగం, పెట్రోమాక్స్ లైటు, కిందన చాపలు. ముందు ఒకాయన ఒక పాదం అంటే మిగతా వాళ్లంతా అందుకోవాలి. నాకు పాట రాదు. పక్కనున్న ముసలమ్మ మోచేత్తో పొడిచింది, అనక తప్పింది కాదు. ఒక్కొక్క పాదాన్నీ సాగదీసి, ఊపిరంతా అయిపోయేదాకా లాగి, అప్పుడు గబుక్కున గాలి పీల్చుకుని మళ్లీ అందుకుంటారు. ఒక అరగంట అయ్యేసరికి నా గుండె దడ ఎక్కడికి పోయిందో తెలియలేదు. ఆ రాత్రి ఒళ్లు తెలియకుండా నిద్రపోయాను.

చాలా ఏళ్ల తర్వాత ఒక డాక్టరుగారు దీని వెనక సంగతి విడమరిచి చెప్పారు. గాలి పీల్చేటప్పుడు గుండె కాస్త వేగంగా, వదిలేటప్పుడు కాస్త నెమ్మదిగా కొట్టుకుంటుంది. వదలడం ఎక్కువసేపు సాగితే వేగస్ నరం ద్వారా గుండెకి నెమ్మదించమని కబురు వెళ్తుంది. పీల్చేదానికన్నా వదిలేది ఎక్కువసేపు ఉండేలా నాలుగైదు నిమిషాలు చేస్తే చాలన్నారు. మా కాశీనగరం భజనలో మేం గంటల తరబడి చేసింది అదే. పరీక్ష హాలు బయట పిల్లల చేత నేను ఇది చేయిస్తాను. నాలుగు లెక్కపెడుతూ పీల్చడం, ఆరు లెక్కపెడుతూ వదలడం. పాడేవాళ్లుంటే మనసులో ఒక పాట పాదం అనుకోమంటాను, అది ఇంకా బాగా పనిచేస్తుంది.

కాశీనగరం నుంచి తిరిగొచ్చాక ఇంట్లో ఏమీ మారలేదు. నాన్నకి ఉద్యోగం రాలేదు. పుస్తకాలు అలాగే ఉన్నాయి. ఇక్కడ లెక్కల మాస్టారి గురించి చెప్పాలి.

ఆయన పాతపట్నం నుంచి సైకిలు మీద వచ్చి మా వీధిలో ట్యూషన్ చెప్పేవారు. ఆ నెల ఫీజు ఇవ్వలేమని చెప్పడానికి అమ్మ నన్నే పంపింది. నేను గుమ్మం దగ్గర నిలబడి మాట మొదలుపెట్టేలోగా, "ఫీజు గురించయితే మీ నాన్నగారితో నేను మాట్లాడుకుంటాను. నువ్వు లోపలికి రా అమ్మా, నీకు రానిది ఏమిటో అది చెప్పు" అన్నారు. ఆ తర్వాత ఫీజు ఊసు మళ్లీ రాలేదు.

"నాకేమీ రాదండీ" అన్నాను. ఏడుపు వచ్చేసింది.

ఆయన ఒక తెల్లకాగితం తీసి మధ్యలో గీత గీశారు. "ఎడమ పక్కన వచ్చినవి రాయి. కుడి పక్కన రానివి రాయి. అధ్యాయం పేర్లు కాదు, ఒక్కొక్క లెక్క రకం రాయాలి." రాస్తూ పోయాను. ఎడమ పక్కన కూడా చాలానే పడ్డాయి. నాకే ఆశ్చర్యం వేసింది. కుడి పక్కవాటిలోంచి ఆయన ఒకటి ఎంచి సున్నా చుట్టారు. "ఈ రాత్రికి ఇదొక్కటే. ఇంకోటి ముట్టుకోవద్దు. ఇది వచ్చాక పడుకో."

అది వచ్చింది. మర్నాడు దాన్ని కుడి నుంచి కొట్టేసి ఎడమ పక్కకి రాయించారు. రోజూ అదే పని. ఆ కాగితం మడతల దగ్గర చిరిగిపోతే అన్నం మెతుకుతో అతికించుకున్నాను.

మాస్టారికి గిడుగు రామమూర్తి పంతులుగారంటే ప్రాణం. మా ఊళ్లో ఆ పేరు ఎత్తని తెలుగు ఇల్లు ఉండదు. వ్యవహార భాష కోసం పోరాడిన మనిషిగా, ఆగస్టు 29న ఆయన పుట్టినరోజుని తెలుగు భాషా దినోత్సవంగా లోకమంతా చేస్తుంది గానీ, మా మాస్టారు చెప్పే గిడుగు వేరు. పర్లాకిమిడిలో రాజావారి బడి పంతులు, చుట్టుపక్కల కొండల్లోంచి వచ్చే సవరల మాట నేర్చుకోవాలనుకున్నాడు. ఆ భాషకి లిపి లేదు, నిఘంటువు లేదు, చెప్పే గురువు లేడు. తెలుగు వచ్చిన ఒక సవరని ఇంట్లో పెట్టుకుని, ఒక్కొక్క మాట అడిగి రాసుకున్నాడు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నాడు. దానికి మింగిన క్వినైన్ వల్ల వినికిడి పోయింది. చెవితో నేర్చుకోవలసిన భాష కోసం చెవులే పోగొట్టుకున్నా మానలేదు. 1890ల్లో మొదలుపెట్టిన పని, సవర వ్యాకరణం పుస్తకంగా వచ్చేసరికి 1931. తర్వాత నిఘంటువు.

"మొదటి రోజు ఆయనకి ఎన్ని మాటలు వచ్చుంటాయంటావు?" అనేవారు మాస్టారు.

"ఒకటో రెండో."

"నీకు ఎడమ పక్కన ఎన్నున్నాయి?"

నేను కాగితం చూసుకునేదాన్ని.

ఆయన ఈ కథ మా బ్యాచీలో భయపడే పిల్లలకే చెప్పేవారు. బాగా వచ్చిన పిల్లలకి ఇంకా కష్టమైన లెక్కలు ఇచ్చేవారు, కథ కాదు. అప్పుడు నాకు అది చిన్నతనంగా అనిపించేది. టీచరయ్యాక అర్థమైంది, ఏ పిల్లకి ఏది అవసరమో ఆయన ఎంత కనిపెట్టి చూసేవారో.

పరీక్షలకి ముందు అమ్మ నన్ను పాతపట్నం నీలమణి దుర్గమ్మ గుడికి తీసుకెళ్లింది. అటువాళ్లూ ఇటువాళ్లూ అందరూ మొక్కే అమ్మవారు. క్యూలో మా ముందు ఒక ఒడియా తల్లి, కొడుకుతో. ఆ అబ్బాయిదీ ప్లస్ టూయే. ఇద్దరు తల్లులూ గుడి చుట్టూ తిరుగుతూ మా గురించే మాట్లాడుకున్నారు. ఒకరు తెలుగులో, ఒకరు ఒడియాలో. మేమిద్దరం వెనక నడుస్తూ ఆర్గానిక్ కెమిస్ట్రీ గురించి దుఃఖపడ్డాం. నాలాగే ఇంకొకరికీ భయంగా ఉందని తెలియడం ఎంత తెరిపి!

ప్యాసయ్యాను. గొప్ప మార్కులేం కావు, కానీ డిగ్రీలో చేరడానికి సరిపోయాయి. నాన్న ఒక ఎరువుల దుకాణంలో లెక్కలు రాసే పనికి కుదిరారు. ఇల్లు మెల్లగా గాడిన పడింది.

2018 నాటి మాట ఇంకోటి ఉంది. అక్టోబరు 10. దసరా సెలవులకి నేను ఇంట్లోనే ఉన్నాను. రేడియోలో తిత్లీ తుపాను అని చెబుతూనే ఉన్నారు. మర్నాడు తెల్లవారుజామున అది పలాస దగ్గర తీరం దాటింది. గంటకి 140, 150 కిలోమీటర్ల గాలి. మా ఇంటి తలుపుకి బియ్యం బస్తా, కుట్టుమిషను అడ్డం పెట్టి, నేనూ చెల్లీ వీపులు ఆన్చి కూర్చున్నాం. అమ్మ దేవుడి గదిలో. నాన్న అప్పటికే పోయి కొన్నేళ్లైంది. తెల్లారి చూస్తే వీధిలో చెట్టన్నది నిలబడి లేదు. ఉద్దానంలో కొబ్బరి, జీడితోటలు నేలమట్టమయ్యాయి. మా గజపతి జిల్లా కొండల్లో బరఘర దగ్గర కొండచరియ విరిగిపడి, వాన నుంచి తలదాచుకున్న వాళ్లు ఎంతోమంది పోయారు. ఆ వార్త మాకు చేరడానికే రోజులు పట్టింది. కరెంటు లేదు, ఫోన్లు లేవు.

గాలి పోయాక కూడా అమ్మని గాలి వదల్లేదు. ఆకు కదిలినా ఉలిక్కిపడేది. కిటికీ రెక్క కొట్టుకుంటే గోడ పట్టుకుని నిలబడిపోయేది. నేనేం చెప్పినా తలూపేది, మళ్లీ అంతే.

పక్కింటి ఒడియా మౌసి, అంటే పిన్ని, వచ్చింది. ఆమె పెంకుటిల్లు సగం ఎగిరిపోయింది. అయినా తన కట్టెపొయ్యి ఇటుకలు మోసుకొచ్చి మా వాకిట్లో పేర్చింది. "అప్పా, మా పెరట్లో అరటిగెలలు పడిపోయాయి. మీ పెరట్లో బొప్పాయి పడింది. కుళ్లిపోయేలోగా వండేద్దాం. కోసివ్వు" అని కత్తిపీట అమ్మ ముందు పెట్టింది. పచ్చి అరటికాయలు, పచ్చి బొప్పాయి, కందిపప్పుతో పెద్ద గిన్నెడు దాల్మా. జీలకర్ర, ఎండుమిరపకాయలు వేయించి పొడి చేసి పైన చల్లింది. వీధి వీధంతా మా వాకిట్లోనే తిన్నది. రెండో రోజూ అదే, మూడో రోజూ అదే. కూరలు తరిగే పని అమ్మదే. చెక్కు తీస్తూ, నూనె రాసుకున్న చేతుల్తో అరటికాయ జిగురు తుడుచుకుంటూ, ఎవరింట్లో ఏం పోయిందో లెక్క చెప్పుకునేవాళ్లు. మధ్యలో గాలి వీచేది. అమ్మ ఆగి, మౌసి వైపు చూసి, మళ్లీ తరిగేది. కరెంటు వచ్చేనాటికి కిటికీ చప్పుడుకి లేచి వెళ్లి గొళ్లెం పెట్టుకోవడం మొదలుపెట్టింది.

అరుగు మీద మా అమ్మమ్మ నాకు చేసింది, కట్టెపొయ్యి దగ్గర ఆ మౌసి మా అమ్మకి చేసింది. వాళ్లిద్దరూ ఒకరినొకరు ఎప్పుడూ చూసుకోలేదు.

అయితే అన్నిటికీ ఇది సరిపోతుందని చెప్పను. మా చిన్నాన్న కొడుకు పోటీ పరీక్షలకి తయారవుతూ ఒక దశలో అన్నం, నిద్ర రెండూ మానేశాడు. పని ఇస్తే చేతులు వణికేవి. ఎవరితోనూ మాట లేదు. బతికి ఏం లాభం అన్న మాట ఒకసారి అన్నాడు. ఆ మాట విన్న రోజే చిన్నాన్న వాణ్ణి బరంపురం పెద్దాసుపత్రికి, అంటే ఎంకేసీజీ మెడికల్ కాలేజీకి తీసుకెళ్లారు. మానసిక వైద్యుడు చూశారు. మందులు వాడాడు, కొన్ని నెలలు మాట్లాడించే చికిత్స జరిగింది. చుట్టాల్లో కొందరు గుసగుసలాడారు. చిన్నాన్న లెక్కచేయలేదు. "జ్వరమొస్తే తీసుకెళ్లనా?" అన్నారు, అంతే. ఇప్పుడు వాడు ఉద్యోగంలో ఉన్నాడు, తనే ఇంకొకరికి చెప్పి పంపిస్తాడు.

నిద్ర వారాల తరబడి పట్టకపోయినా, ఏ పనీ పట్టుకోలేకపోయినా, చనిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, ఇంటివాళ్ల ఓదార్పు కోసం ఆగవద్దు. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం టెలి మానస్ అని మొదలుపెట్టింది. 14416కి ఫోన్ చేయవచ్చు. ఏ వేళలోనైనా ఎత్తుతారు, డబ్బులు పడవు. తెలుగులో మాట్లాడవచ్చు, ఒడియాలోనూ మాట్లాడవచ్చు. మా సరిహద్దు ఊళ్ల వాళ్లకి అది మరీ మంచిది, ఎవరికి ఏ భాషలో ఏడుపొస్తే ఆ భాషలో చెప్పుకోవచ్చు. మా క్లాసు గోడ మీద ఆ నంబరు పెద్దగా రాయించాను.

చిన్న రైలు 2004లో ఆగిపోయింది. పెద్ద లైను వేసి 2011లో గుణుపురం దాకా మళ్లీ బళ్లు నడిపారు. ఇప్పుడు వేగంగా పోతుంది, మంచిదే, ఆసుపత్రికి వెళ్లేవాళ్లకి ఎంతో మేలు. మొన్న సంక్రాంతికి ఆ బండి ఎక్కి పాతపట్నంలో దిగాను, మాస్టారిని చూడడానికి.

ఎనభై దాటాయి. సైకిలు మానేశారు. వినికిడి తగ్గింది. నేను గట్టిగా మాట్లాడుతుంటే, "నాకూ గిడుగు వారి చెవులొచ్చాయమ్మా" అని మురిసిపోయారు. వీధరుగు మీద ఇద్దరు పిల్లలు లెక్కలు చేసుకుంటున్నారు. వాళ్ల ముందు కాగితాలు, మధ్యలో గీత. నా బడి గురించి, పిల్లల గురించి అడిగారు. ఈ ఏడాది పదిలో ఒక అమ్మాయి చాలా భయపడుతోందని, తండ్రికి పని లేదని చెప్పాను.

"ఏ ఊరు?"

"టెక్కలి దగ్గర, మాస్టారూ."

"ఆదివారం బండెక్కించి పంపు. తోడుగా వాళ్లమ్మని కూడా రమ్మను. అన్నం ఇక్కడే తింటారు" అన్నారు.